ఓడినవాడికి కారణం చెప్పరా?

టెండరు దక్కినవాడు మిఠాయి పంచుతాడు, దక్కనివాడు తిట్టుకుంటూ ఇంటికి పోతాడు, మధ్యలో మనకేం పని అనుకునేవాళ్లే ఎక్కువ. నేనలా అనుకోను. ఆ పనికి కట్టే ప్రతి పైసా మనది. తక్కువకు చేస్తానని వచ్చినవాణ్ని ఏ కారణంతో గేటు బయటే ఆపేశారో తెలుసుకోవాల్సింది అతనొక్కడే కాదు, మనం కూడా.

ఈ వారం నాకు ఒళ్లు మండింది ఓ ఫోన్ చూసి. మెదక్ రాందాస్ చౌరస్తాలో చాయ్ దగ్గర ఓ చిన్న కాంట్రాక్టరు దాన్ని నా చేతిలో పెట్టాడు. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో అతని బిడ్ ఎదురుగా ‘నాట్ క్వాలిఫైడ్’ అని రెండు ముక్కలున్నాయి. ఏ సర్టిఫికెట్ తక్కువైందో, ఏ షరతు తప్పాడో ఎక్కడా లేదు. టెక్నికల్ బిడ్ దగ్గరే పక్కన పెట్టేశారు కాబట్టి ప్రైస్ బిడ్ తెరవనే లేదు. అతను ఎంత తక్కువకు వేశాడో ఎవరికీ తెలియదు. ఆఫీసుకు పోయి అడిగితే ‘కమిటీ నిర్ణయం’ అన్నారట. “పని రాకుంటె మానె సార్. ఏం తక్కువైందో చెప్తె ఇంకోసారి సక్కగ పెట్టుకుంట కదా” అన్నాడు. అడిగింది అంతే.

పెద్దవాళ్లకైతే సంగతి వేరు. ముంబయిలో ఠాణే–ఘోడ్‌బందర్–భాయందర్ సొరంగం, ఎలివేటెడ్ రోడ్డు పనులు గుర్తున్నాయా? దాదాపు 14 వేల కోట్ల రూపాయల వ్యవహారం. మన హైదరాబాద్ కంపెనీ మేఘా, తెరిచిన బిడ్లలో తక్కువ ధరతో ఎల్-1గా నిలిచింది. ఎల్ అండ్ టీని టెక్నికల్ బిడ్ దగ్గరే ఆపారు. ఆపినట్టు ఆ కంపెనీకి చెప్పలేదు. బొంబాయి హైకోర్టు జోక్యం చేసుకోనంది. ఎల్ అండ్ టీ సుప్రీంకోర్టు మెట్లెక్కి, తమ బిడ్లు రెండూ కలిపి సుమారు 3 వేల కోట్లు తక్కువని లెక్క చూపించింది. టెండరు రద్దు చేస్తారా, మమ్మల్నే స్టే ఇమ్మంటారా అని కోర్టు అడిగేసరికి, టెండర్లు పిలిచిన ఎంఎంఆర్‌డీఏ 2025 మే 30న మొత్తం టెండర్లే వెనక్కి తీసుకుంది. మేఘా తప్పు చేసిందని ఎవరూ తేల్చలేదు. ఓడినవాడికి కారణం చెప్పకపోతే ఏమవుతుందో మాత్రం తేలిపోయింది. అక్కడ ఓడినవాడికి ఢిల్లీలో లాయర్లున్నారు. మెదక్‌లో ఓడినవాడికి హైదరాబాద్ వంద కిలోమీటర్లు.

పోనీ, అప్పోసప్పో చేసి హైకోర్టుకు పోయాడే అనుకుందాం. టెండరు నిర్ణయం మీద తాము అప్పీలు వినబోమని, నిర్ణయం తీసుకున్న పద్ధతినే చూస్తామని 1994లో టాటా సెల్యులర్ కేసులోనే సుప్రీంకోర్టు గీత గీసింది. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి, రోడ్లు, సాగునీరు, తాగునీరు లాంటి మౌలిక వసతుల పనులు ఆలస్యమయ్యేలా కోర్టులు ఆపకూడదన్నారు. 2022లో ఎన్‌జీ ప్రాజెక్ట్స్ తీర్పు దానికి ఇంకో తాళం వేసింది: అన్యాయం జరిగితే పని ఆపడం కంటే నష్టపరిహారం వైపు చూడమంది. పనులు ఆగకూడదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ కోర్టు తలుపు ఇంతగా మూసినప్పుడు, కింద ఇంకో తలుపు తెరవాలి కదా?

తమిళనాడు 1998లోనే టెండర్ల పారదర్శకత చట్టం తెచ్చి, ఓడినవాడు 10 రోజుల్లో అప్పీలు చేసుకునే వీలు కల్పించింది. కర్ణాటక 1999 చట్టంలో గడువు 30 రోజులు. జహీరాబాద్ దాటితే బీదర్. 1956 దాకా మెదక్, బీదర్ ఒకే హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లాలు. ఇవాళ బీదర్ కాంట్రాక్టరుకు చట్టం ఇచ్చిన అప్పీలు మెదక్ కాంట్రాక్టరుకు లేదు. అమెరికాలో జీఏఓ అనే సంస్థ ఇలాంటి ఫిర్యాదులను 100 రోజుల్లో తేలుస్తుంది. గడువులోగా ఫిర్యాదు వస్తే అప్పటిదాకా సాధారణంగా పని మొదలుకానివ్వరు. ఢిల్లీలో 2012లో ప్రవేశపెట్టిన పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. ఆ తర్వాతా చట్టం రాలేదు.

ఇక నా పాత పాట ఎత్తుకోక తప్పదు: అంచనా కంటే ఎంత తక్కువకైనా పని పట్టే లెస్ పిచ్చి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోలవరంలో రివర్స్ టెండర్లు పెట్టి, 628 కోట్లు మిగిల్చామని చాటుకుంది. మిగిలింది ఎంతో చెప్పారు, జారిపోయిన కాలం ఖరీదెంతో చెప్పలేదు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ విధానాన్నే ఎత్తేసింది. పెద్ద ప్రాజెక్టుల సంగతి అలా ఉంచండి, మన గల్లీ రోడ్డు చూడండి. ముప్పై శాతం లెస్‌కు పని పట్టినవాడు ఆ ముప్పై ఎక్కడినుంచి తెస్తాడు? సిమెంటులోంచి, రోడ్డు మందంలోంచి. ఆరంగుళాలు పోయాల్సిన చోట నాలుగు పోస్తాడు. క్యూరింగ్‌కు నీళ్లు కొట్టడు. మొదటి వానకే కంకర తేలుతుంది. ఇంకోపక్క, కాంట్రాక్టర్లు కుమ్మక్కై రింగు కట్టినచోట ఎక్సెస్ రోగం. అంచనా మీద 5 శాతానికి మించితే ఒప్పుకోవద్దని 2003 నాటి జీవో 94 చెబితే, ఆ గీతకు వెంట్రుకవాసి కింద ఆగే బిడ్లు కోకొల్లలు. టెండరు బెడదే లేకుండా, పనిని ముక్కలు చేసి నామినేషన్‌లో కట్టబెట్టే విద్య సరేసరి.

ఈ రోగాలన్నిటినీ ముందు పసిగట్టేది ఏసీబీ కాదు, ఆడిట్ కాదు, పోటీలో ఉన్న రెండోవాడు. పక్కవాడు పెట్టింది దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెటో కాదో అతనికి తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలియదు. అలాంటివాడి నోరు నొక్కితే లాభం ఎవరికి?

గెలిచినవాడైనా సుఖంగా ఉన్నాడా అంటే అదీ లేదు. 2025 మార్చిలో బిల్లుల కోసం కాంట్రాక్టర్లు తెలంగాణ సచివాలయంలో ఉప ముఖ్యమంత్రి చాంబర్ ముందే బైఠాయించారు. అప్పు తెచ్చి ఊళ్లో పనులు చేయించిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం రోడ్డెక్కారు. డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియని పనికి నిఖార్సైన మేస్త్రీ ఎవడు బిడ్ వేస్తాడు? రెండేళ్లు వడ్డీ మోయగలిగినవాడే వేస్తాడు. అలా పోటీ టెండరు కంటే ముందే చచ్చిపోతోంది.

అసెంబ్లీ చేయాల్సింది కొండలు పిండి చేసేంత పనేమీ కాదు. తిరస్కరించిన ప్రతి బిడ్‌కూ కారణం రాసి పోర్టల్‌లో పెట్టాలి. ఒప్పందం రాసుకునే ముందు పది రోజులు ఆగాలి. ఆలోగా వచ్చిన అప్పీలును ఆ శాఖతో సంబంధం లేనివాళ్లు నెలలో తేల్చాలి. కావాలని అడ్డుపడేవాడు కట్టిన డిపాజిట్ జప్తు చేయండి, ఎవరూ కాదనరు.

ఆ చట్టం వచ్చేదాకా మనం ఊరికే కూర్చోనక్కర్లేదు. మీ వార్డులో పడిన రోడ్డుకు ఎంతమంది బిడ్ వేశారు, ఎవరిని ఏ కారణంతో పక్కన పెట్టారు, పని ఎంతకు పోయింది అని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. కాంట్రాక్టరుకు లేని అప్పీలు మీకుంది.