కోడ్ నిలిచే చోటు, పాఠాధికారం: ఉత్తర తెలంగాణ భాషా సాఫ్ట్‌వేర్‌పై ఒక వాదం

ప్రస్తావన

పాఠపరిష్కరణలో ఆరితేరిన తెలుగు శాఖలు సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి ప్రతుల చిరునామా అడగడం మానేస్తున్నాయి. తాళపత్రం ఏ భాండాగారంలో ఉంది, ఏ ప్రతికి ఏది మాతృక, ఫలానా పాఠం కవిదా లేఖకునిదా అన్న ప్రశ్నలు వేయకుండా ఏ సంపాదకుడూ ప్రబంధాన్ని పరిష్కరించడు. అదే సంపాదకుని శాఖ భాగస్వామిగా ఒక ఫాంటో, పదరూపాలను విశ్లేషించే సాఫ్ట్‌వేరో, నిఘంటు దత్తాంశమో తయారైతే, దాని కోడ్ ఎక్కడ ఉంచాలన్నది 'ఇంజనీర్లు చూసుకొనే పని' అవుతుంది. పదిమందీ ఎక్కడ పెడుతున్నారో అక్కడ పెట్టేయడమే ఆ చూసుకోవడం.

ఈ వైఖరి తప్పని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. నలుగురు కలిసి రాసే శాస్త్రీయ సాఫ్ట్‌వేర్‌లో దిద్దే అధికారం ఎవరిదో నిర్ణయించడంలో కోడ్ నిలిచే చోటుకు పెద్ద పాత్ర ఉంది. ఆ దిద్దుబాట్ల చరిత్ర మిగులుతుందా పోతుందా అన్నది కూడా ఆ చోటును బట్టే ఉంటుంది. ఇవి పాఠాధికారానికి చెందిన ప్రశ్నలు గనుక వాటికి సమాధానం చెప్పవలసిన బాధ్యత భాషాసాహిత్య శాఖలది కూడా. పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల భాషావిషయాలను ఆధారం చేసుకొని ఈ వాదం సాగుతుంది.

గుంజాల: ఊరి లిపి, పరాయి చిరునామా

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలోని గుంజాల గ్రామంలో గోండి లిపి రాతప్రతులు సుమారు పన్నెండు దొరికాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో వెళ్ళిన పరిశోధకబృందం వాటిని వెలికితీసింది. 2014 ఆరంభంలో ఆ లిపి, దాని తొలి ఫాంటు వెలుగుచూశాయి. 2018 జూన్‌లో విడుదలైన యూనికోడ్ 11.0లో 'గుంజాల గోండి' పేరుతో 63 సంకేతాలు చేరాయి. ఒక చిన్న గ్రామం పేరు ప్రపంచ లిపిపట్టికలో స్థిరపడింది.

పని అంతటితో పూర్తయిందనుకోవడం భ్రమ. యూనికోడ్ ఒకసారి చేర్చిన అక్షరాన్ని తొలగించదు, పేరు మార్చదు. కాని అది అక్షరానికి ఒక సంఖ్యను, కొన్ని లక్షణాలను మాత్రమే ఇస్తుంది. అక్షరం వంపు, సంయుక్తాక్షరపు కూర్పు, గుణింతపు గుర్తు కూర్చునే తావు ఫాంటులో నిర్ణయమవుతాయి. ఫాంటు కూడా సాఫ్ట్‌వేరే. గూగుల్ రూపొందించిన నోటో ఫాంటుల కుటుంబంలో గుంజాల గోండి ఫాంటు ఉంది. దాని మూలాలు గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఉన్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ప్రకారం ఎవరైనా వాటిని తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఇది కొనియాడదగిన ఔదార్యమే.

అయితే రిపాజిటరీలో, అంటే కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ కలిపి భద్రపరిచే చోట, ఏ మార్పును అంగీకరించాలో చెప్పేది దాని నిర్వాహకులు. గోండి రాతప్రతులు చదవగలిగిన నార్నూర్ పెద్దమనిషికి ఫాంటులోని ఒక గుణింతం ప్రతిలో ఉన్నట్టు లేదని తోచిందనుకొందాం. ఆయన ఖాతా తెరవాలి. తెలుగుగాని గోండిగాని పలకని స్థావరంలో ఇంగ్లీషులో లోపాన్ని నివేదించాలి. ఆ తర్వాత నిర్వాహకుల నిర్ణయం కోసం వేచి ఉండాలి. లైసెన్స్ ఆయనకు తన ప్రతిని తాను మార్చుకొనే హక్కు ఇచ్చింది. అందరూ వాడే ప్రతిని దిద్దే అధికారం మాత్రం లైసెన్స్‌తో రాదు. ప్రతి రాసుకోవడం వేరు, పరిష్కృత ముద్రణకు సంపాదకుడు కావడం వేరు అన్న సంగతి తెలుగు శాఖలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

ఆదిలాబాద్‌కు ఇది మొదటి అనుభవం కూడా కాదు. 1940లలో మార్లవాయి కేంద్రంగా గోండుల జీవితాన్ని అధ్యయనం చేసిన హైమెండార్ఫ్ ఛాయాచిత్రాలు, పత్రాలు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. అవి అక్కడ భద్రంగానే ఉన్నాయి. కాని ఏ చిత్రానికి ఏ వివరం రాయాలి, ఏ పేరు కింద చేర్చాలి అన్న నిర్ణయం ఆ గ్రంథాలయానిది. భద్రపరచిన చోటే వర్గీకరణను శాసిస్తుంది. కాగితం కాలంలో ఆ దూరం తప్పనిసరి అనుకొన్నా, కోడ్ విషయంలో అది తప్పనిసరి కాదు. ఎంచుకొనే వీలుండీ ఎంచుకోకపోవడమే ఇక్కడి దోషం.

కరీంనగర్: 'వచ్చిండు' ఎక్కడ చేరాలి?

రెండవ ఉదాహరణ వ్యాకరణానికి సంబంధించినది. వాక్యనిర్మాణాన్ని కంప్యూటర్‌కు నేర్పడానికి పలు భాషలవారు కలిసి నిర్మిస్తున్న యూనివర్సల్ డిపెండెన్సీస్ ప్రాజెక్టులో ఒక తెలుగు కోశం ఉంది. అందులో 1,328 వాక్యాలు విశ్లేషణతో సహా ఉన్నాయి. వాటికి ఆధారం భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం. ఆ వ్యాకరణానికి లక్ష్యం ఆధునిక ప్రమాణభాష. కరీంనగర్ పల్లెల్లో వినిపించే 'వచ్చిండు', 'పోయిన్రు' వంటి క్రియారూపాల కోసం రాసింది కాదు.

ఆ రూపాలను చేర్చాలని కరీంనగర్ పరిశోధకుడు పూనుకొంటే తొలి వివాదం భాషాశాస్త్రానిదే. 'వచ్చిండు'ను 'వచ్చాడు'కు రూపాంతరంగా చూపాలా? స్వతంత్ర ప్రత్యయంతో ఏర్పడిన రూపంగా విశ్లేషించాలా? మాండలికమన్న గుర్తు దానికొక్కదానికే పెట్టి 'వచ్చాడు'కు పెట్టకుండా వదిలితే, తెలంగాణ భాష మీద పాత చిన్నచూపు సాఫ్ట్‌వేర్ సాక్షిగా కొనసాగినట్టు కాదా? ఈ చర్చంతా నేడు జరిగేది సదస్సులో కాదు, రిపాజిటరీకి అనుబంధంగా ఉండే చర్చాపుటలో. కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో వచ్చాయి. ఆ సంపుటాల విలువ పదాల వల్ల ఎంత ఉందో, ఏ పదం ఏ ప్రాంతానిదో నమోదు చేయడం వల్ల అంతే ఉంది. సిరిసిల్ల మగ్గం మాటలను రేపు కంప్యూటర్‌కు ఎక్కించేవారికీ అదే నియమం వర్తిస్తుంది. పదంతోపాటు దాని వెనుక జరిగిన వాదమూ మిగలాలి.

ఇక్కడే ఒక సాంకేతిక వాస్తవాన్ని సాహిత్య శాఖలు గుర్తించాలి. గిట్ పద్ధతిలో రిపాజిటరీని పూర్తిగా దించుకొన్న ప్రతివారి దగ్గరికీ కోడ్, దాని మార్పుల చరిత్ర చేరతాయి. కాని లోపనివేదికలు, మార్పు ప్రతిపాదనల మీద జరిగిన వాదప్రతివాదాలు, ఎవరికి ఏ అధికారం ఉందన్న వివరాలు వాటితో రావు. అవి స్థావరం నడిపేవారి దగ్గరే ఉండిపోతాయి. స్థావరం మూతపడితే మూలం మిగిలి వ్యాఖ్యానం నశిస్తుంది. వ్యాఖ్యానం నశించిన కావ్యానికి ఏ గతి పడుతుందో తెలిసినవారు ఈ నష్టాన్ని తేలికగా తీసుకోజాలరు.

'అందరూ ఉన్నచోటే' అనే వాదం

ఎక్కువమంది ప్రోగ్రామర్లు ఉన్నచోటే ప్రాజెక్టు ఉంటే సహాయకులు దొరుకుతారు, ఖర్చు ఉండదు, నిర్వహణభారం ఉండదు అన్నది ఒక వాదం. ఇందులో నిజం లేకపోలేదు. కాని 'అందరూ ఉన్నచోటు' శాశ్వతమన్న నమ్మకాన్ని చరిత్ర సమర్థించదు. గూగుల్ కోడ్ స్థావరం మూసివేతను 2015 మార్చిలో ప్రకటించి 2016 జనవరిలో పూర్తిచేశారు. గిటోరియస్ 2015లోనే మరో సంస్థ చేతికి వెళ్ళి మూతపడింది. గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియాలలోని వాడుకదారుల ఖాతాలపై ఆ స్థావరం పరిమితులు విధించింది. గిట్ పుట్టుక కూడా ఇటువంటి పరాధీనత నుంచే. లినక్స్ కెర్నెల్ రచయితలు ఒక ప్రైవేటు సంస్థ పనిముట్టుపై ఆధారపడి ఉండగా ఉచిత వాడుకను ఆ సంస్థ 2005లో ఉపసంహరించింది. ఆ దెబ్బతోనే లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను రాశాడు.

ముప్పు విదేశం నుంచే రానక్కరలేదు. 2014 డిసెంబరులో భారత ప్రభుత్వ ఆదేశంతో నిలిపివేసిన 32 సైట్ల జాబితాలో గిట్‌హబ్, ఇంటర్నెట్ ఆర్కైవ్ చిరునామాలూ ఉన్నాయి. వాటిలో కొన్నింటిని త్వరలోనే పునరుద్ధరించారన్నది ఊరటే. అయినా ఒకే చిరునామాపై ఆధారపడిన పరిశోధన ఒక్క ఆదేశంతో ఆగిపోగలదని ఆ ఘటన చూపింది.

'మన సర్వర్' అనే వాదం

దీనికి విరుగుడుగా ప్రతి విశ్వవిద్యాలయం తన యంత్రంలోనే కోడ్ దాచుకోవాలనేది రెండవ వాదం. ఆత్మగౌరవం ధ్వనించే ఈ మాట ఆచరణలో మొదటిదానికంటే ప్రమాదకరం. సర్వర్‌కు కరెంటు, భద్రతా సవరణలు, నిత్యం తీసే నకళ్లు, బాధ్యత వహించే మనిషి కావాలి. గ్రాంటు ముగిసి, పట్టించుకొన్న ఆచార్యుడు పదవీ విరమణ చేసిన నాడు ఆ యంత్రాన్ని ఆపేసినా అడిగేవారుండరు.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గతి తెలుగు పరిశోధకులందరికీ అనుభవమే. మన ప్రభుత్వం, మన విద్యాసంస్థలు కలిసి స్కాన్ చేసిన లక్షల పుస్తకాలవి. ఆ సైట్లు అందుబాటులో లేకుండా పోయినప్పుడు, అంతకుముందే కొందరు నకలు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంచిన ప్రతులే తెలుగు పరిశోధనను ఆదుకొన్నాయి. ఆ ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా 2024 అక్టోబరులో సైబర్ దాడుల వల్ల కొన్నాళ్లు మూతపడింది. సొంతమైనా పరాయిదైనా, ప్రతి ఒక్కటే అయితే అది ఉన్నా లేనట్టే. తాళపత్రాల కాలం నుంచీ గ్రంథాన్ని బతికించింది పలుచోట్ల ఉన్న ప్రతులే.

ఏం చేయాలి?

కావలసింది పనిచేసే చోటును, నిలిచే చోటును వేరుచేసే విధానం. యూనివర్సల్ డిపెండెన్సీస్ వారు రోజువారీ పని గిట్‌హబ్‌లో చేస్తారు. విడుదలైన ప్రతి సంచికనూ ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయం నడిపే లిండాట్ భాండాగారంలో శాశ్వత గుర్తింపుసంఖ్యతో జమచేస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన ఇన్రియా 2016లో ప్రారంభించిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్, బహిరంగ కోడ్‌ను మార్పుల చరిత్రతో సహా సేకరించి భద్రపరుస్తోంది. సొంత స్థావరం నడపడం తెలుగువారికి సాధ్యం కాదన్న మాట కూడా నిలవదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ గిట్‌ల్యాబ్ ఆధారంగా తన కోడ్ స్థావరాన్ని తానే నడుపుకొంటోంది.

దీన్నిబట్టి ఉత్తర తెలంగాణ భాషా ప్రాజెక్టులకు నాలుగు నియమాలు చాలు. ఒకటి, రిపాజిటరీ ఒక వ్యక్తి ఖాతాలో కాక సంస్థ పేరిట ఉండాలి; మార్పులను అంగీకరించేవారిలో ఆ భాష మాట్లాడే సమాజం నుంచి కనీసం ఇద్దరు ఉండాలి. రెండు, కోడ్ చరిత్రతోపాటు చర్చాపుటల నకలును కూడా నియమిత కాలానికి ఒకసారి తీసి రెండవ చోట ఉంచాలి. మూడు, లోపనివేదిక తెలుగులోగాని గోండిలోగాని, అవసరమైతే నోటిమాటగా చెప్పినా స్వీకరించి నమోదు చేసే బాధ్యత ఒక శాఖకు అప్పగించాలి. నాలుగు, ప్రతి విడుదలనూ శాశ్వత భాండాగారంలో జమచేయాలి.

ఈ పనికి శాఖకొక సర్వర్ అవసరం లేదు. కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఉంది. బాసరలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట భాష తెలిసినవారు, మరొకచోట యంత్రం తెలిసినవారు ఉన్నారు. హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయాలను కూడా కలుపుకొని అందరూ ఉమ్మడిగా ఒకే స్థావరాన్ని నడిపితే భారం పంచుకోవచ్చు. గిట్‌హబ్‌ను వదలనవసరం కూడా లేదు. అక్కడి ప్రతి సహాయకులను రప్పిస్తుంది. ఉమ్మడి స్థావరంలోని ప్రతి అధికారాన్ని ఇక్కడ నిలుపుతుంది.

ముగింపు

తెలుగు శాఖలు ఇంజనీర్లపై వదిలివేసినది ఒక యంత్రం చిరునామాను కాదు, సంపాదకత్వాన్ని. గుంజాల అక్షరం వంపుపై గుంజాల మాట చెల్లాలన్నా, 'వచ్చిండు' ఏ గుర్తుతో కోశంలో చేరాలో కరీంనగర్‌వారు వాదించి నెగ్గాలన్నా, ఆ వాదం ముప్పై ఏళ్ల తర్వాతి పరిశోధకుడికి దొరకాలన్నా, కోడ్ నిలిచే చోటును ప్రాజెక్టు తొలిరోజే నిర్ణయించుకోవాలి.

ఆ ఆచారం పరిశోధన పత్రికల నుంచే మొదలుకావాలి. రాతప్రతి ఆధారంగా రాసిన వ్యాసంలో ప్రతి సంఖ్య, భాండాగారం పేరు లేకపోతే పరిశీలకులు దాన్ని వెనక్కి పంపుతారు. సాఫ్ట్‌వేర్ ఆధారంగా రాసిన వ్యాసంలో కోడ్ ఏ స్థావరంలో ఉంది, వాడినది ఏ సంచిక, శాశ్వత ప్రతి ఎక్కడ జమ అయింది అన్న మూడు వివరాలు లేకపోతే దానినీ అలాగే వెనక్కి పంపాలి.