పాత బూట్లిస్తే ఊరికి బావి.. కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి చూస్తే అసలు లెక్క ఇదీ!

పాత బట్టలకు స్టీలు గిన్నెలు.. పాత ఇనుప సామానుకు ఉల్లిగడ్డలు! కామారెడ్డి, ఎల్లారెడ్డి గల్లీల్లో ఈ కేక వినని వాళ్లు అరుదు. ఇదే లెక్క ఖండాలు కూడా దాటింది. వాడి పక్కన పడేసిన బూట్లు ఇస్తే, ఆ డబ్బుతో వేరే దేశంలో మంచినీళ్లు! వినడానికి భలే ఉంది. మరి బావి తవ్వాక ఏమవుతోంది? మన ఊళ్ల అనుభవం ఏం చెబుతోంది?

బూట్లు నీళ్లుగా ఎలా మారతాయ్?

అమెరికాలోని లూయీవిల్ కేంద్రంగా పనిచేసే వాటర్‌స్టెప్ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా పాత బూట్లు సేకరిస్తోంది. వాటిని ఎగుమతిదారులకు అమ్ముతుంది. అవి పేద దేశాల మార్కెట్లకు చేరి, చిరు వ్యాపారుల చేతుల్లో మళ్లీ అమ్ముడుపోతాయి. వచ్చిన సొమ్మును సంస్థ నీటి పథకాలకు ఖర్చు పెడుతుంది. ఇలాంటి డ్రైవ్‌లలో సాధారణంగా బరువు లెక్కనే డబ్బు వస్తుంది. అంటే ఒక్క బావి ఖర్చు రావాలన్నా వేల జతలు పోగవ్వాలి.

అవసరం మాత్రం చిన్నది కాదు. 2024 నాటికి ప్రపంచంలో దాదాపు 210 కోట్ల మందికి సురక్షితమైన తాగునీరు పూర్తిస్థాయిలో అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క.

ఇంకో కోణం కూడా ఉంది

మనం దానం అనుకుంటున్నది అవతలి దేశంలో సరుకు. పాత బట్టలు, బూట్ల వల్ల తమ పరిశ్రమ దెబ్బతింటోందని తూర్పు ఆఫ్రికా దేశాలు 2016లో వాటి దిగుమతి ఆపాలని నిర్ణయించాయి. అమెరికా ఒత్తిడి తేవడంతో చాలా దేశాలు వెనక్కి తగ్గాయి. పట్టుబట్టి సుంకాలు పెంచిన రువాండాకు 2018లో దుస్తుల ఎగుమతిపై ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆపేసింది. అయితే ఆ పాత సరుకు అమ్ముకునే బతికే చిరు వ్యాపారులూ అక్కడ ఉన్నారు. అందుకే ఇది తేలిగ్గా తేలే పంచాయితీ కాదు.

మన దగ్గర జరిగిందేంటి?

విదేశీ విరాళాలతో నీళ్లు రావడం తెలంగాణకు కొత్తేం కాదు. వరంగల్ కేంద్రంగా ఉన్న బాల వికాస సంస్థ, కెనడా దాతల సాయంతో ఎన్నో ఊళ్లలో బోర్లు వేయించింది, నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టించింది. కానీ ఒక షరతు.. ఊరు కూడా తన వాటా డబ్బు పెట్టాలి, కమిటీ వేసుకుని తనే నడుపుకోవాలి. గంగదేవిపల్లి ఆదర్శ గ్రామంగా పేరు తెచ్చుకోవడం వెనక ఈ కమిటీల పని చాలా ఉంది.

అన్షు గుప్తా పెట్టిన గూంజ్ సంస్థది మరో దారి. ఊరివాళ్లు కలిసి బావి తవ్వుకుంటే, చెరువు బాగు చేసుకుంటే.. ప్రతిఫలంగా బట్టలు, సామాన్లు ఇస్తారు. ఇక్కడ పాత వస్తువు భిక్ష కాదు, కూలి.

తవ్వడం ఒక ఎత్తు.. నిలబెట్టడం ఒక ఎత్తు

ఆఫ్రికాలో సహారాకు దిగువ దేశాల్లో ప్రతి నాలుగు చేతి పంపుల్లో సుమారు ఒకటి పనిచేయడం లేదని అంచనా. వాటిలో మనకు తెలిసిన బోరింగులూ ఉన్నాయి. మన దేశంలో తయారైన ఇండియా మార్క్-2 డిజైన్ అక్కడా వాడతారు. వాచర్ అరిగినా, రాడ్డు విరిగినా బాగు చేసేవాళ్లు లేకపోతే బోరింగు ఉన్నా లేనట్టే. ఫొటో దిగిన దాత వెళ్లిపోతాడు, బిందె పట్టుకున్న ఆడవాళ్లు మళ్లీ పాత దారి పడతారు.

బోరు వేస్తే సరిపోదు, అందులోకి నీళ్లు కూడా ఊరాలి. ఈ సంగతి ఈ ప్రాంతానికి బాగా తెలుసు. చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ 2015 మార్చి 12న మొదలైంది ఎల్లారెడ్డి నియోజకవర్గంలోని సదాశివనగర్‌లోనే. చెరువు నిండితేనే చుట్టుపక్కల బోర్లు పోస్తాయి.

వరదది ఇంకో కథ. 2025 ఆగస్టు చివర్లో కుండపోతకు భిక్కనూరు-తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అలాంటి రోజుల్లో కావాల్సింది కొత్త బావి కాదు, ఉన్న నీళ్లను శుభ్రం చేసే క్లోరిన్. ఉప్పు, కారు బ్యాటరీ సాయంతో క్లోరిన్ తయారుచేసే చిన్న యంత్రాన్ని వాటర్‌స్టెప్ వాడుతున్నది ఇందుకే.

చివరికి తేలేదేంటంటే..

మీ దగ్గర బూట్ల డ్రైవ్ పెడితే చెప్పులు ఇవ్వడంలో తప్పు లేదు. కాకపోతే ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ బూట్లు ఎక్కడికి పోతాయి? కిలోకు ఎంత వస్తుంది? అయిదేళ్ల తర్వాత ఆ పంపు చెడిపోతే బాగుచేసేది ఎవరు? మూడో ప్రశ్నకు జవాబు ఉంటేనే మీరిచ్చిన జత నిజంగా నీళ్లవుతుంది.