పెట్టుబడి ఇచ్చారు, కాపలా ఎవరు?

మహదేవపూర్ మండలంలో కిరాణా కొట్టుకైనా, కాళేశ్వరం గుడి ముందు కొబ్బరికాయల బండికైనా ఇప్పుడు క్యూఆర్ కోడ్ మామూలే. చిన్న వ్యాపారికి ఆ ఫోనే గల్లాపెట్టె, ఖాతా పుస్తకం, బ్యాంకు. పెద్ద కంపెనీకి సైబర్ భద్రత చూసే విభాగం ఉంటుంది. ఇక్కడ బ్యాంకు పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును ఇన్‌స్టాల్ చేసి అనుమతులిస్తే చాలు, ఓటీపీలు మోసగాడికి చేరిపోతాయి.

ఈ దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. తాతల ఆస్తి, చేబదులిచ్చే బంధువులు లేని దళిత కుటుంబానికి పథకం సొమ్మే తొలి పెట్టుబడి. అది పోతే మళ్లీ కూలికే. అయినా అధికారుల మాట ఒక్కటే: ‘జాగ్రత్తగా ఉండండి’. అంటే తప్పంతా పోగొట్టుకున్నవాడిదే.

రిజర్వు బ్యాంకు 2017లో తెచ్చిన నియమాలు అలా చెప్పలేదు. ఖాతాదారు, బ్యాంకు ఇద్దరి తప్పూ లేకుండా బయటివారు డబ్బు కాజేస్తే, సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారిపై భారం ఉండదు. 4 నుంచి 7 రోజుల్లోనైతే చిన్న వ్యాపారాల కరెంటు ఖాతాకు భారం 10 వేలు మించదు. ఓటీపీ తానే చెప్పినా, ఫిర్యాదు తర్వాత పోయిన సొమ్ముకు బ్యాంకుదే బాధ్యత. ఖాతాదారు తప్పును రుజువు చేయాల్సిందీ బ్యాంకే. ఈ హక్కులు బ్యాంకు గోడ మీద తెలుగులో ఉండాలి. 1930కి వెంటనే ఫోన్ చేస్తే సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలుంటుంది.

ఇంకో ప్రమాదం ఉంది. మోసపు సొమ్ముతో ఎవరో సరుకు కొంటే, దుకాణదారు ఖాతానే స్తంభింపజేస్తున్నారు. 2023లో కేరళ హైకోర్టు అలాంటి కేసుల్లో వివాదంలో ఉన్న మొత్తానికే ఆ ఆంక్షను పరిమితం చేసింది. తెలంగాణ పోలీసులూ అదే పాటించాలి.

2021లో మొదలైన దళితబంధు కుటుంబానికి 10 లక్షలతో పాటు రక్షణ నిధినీ ప్రకటించింది. లబ్ధిదారు వాటా 10 వేలు, ప్రభుత్వానిదీ అంతే. ఆపదలో ఆదుకోవడానికే ఆ నిధి. సైబర్ మోసం ఆపద కాదా? ఏ పేరుతో పథకమొచ్చినా, 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద శిక్షణనూ, నష్టపోయినవారికి తక్షణ సాయాన్నీ అందులో చేర్చాలి. యూనిట్ గ్రౌండింగ్‌తో సర్కారు బాధ్యత తీరిపోదు.