బెయిలిచ్చినా బయటకు రానివ్వని చట్టం

హైదరాబాద్ చుట్టుపక్కల గొలుసు దొంగల ముఠా దొరికినప్పుడల్లా మర్నాటి పత్రికల్లో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. నిందితుల మీద పీడీ యాక్ట్ పెడతామని పోలీసు కమిషనర్ ప్రకటిస్తారు. చదివినవాళ్లకు ఊరటగానే ఉంటుంది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తున్న మనిషి మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోయినవాడు కొన్నాళ్లకే బెయిలు మీద వచ్చి అదే వీధిలో తిరుగుతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే. కానీ ఆ ప్రకటన వెనక ఏముందో కూడా చూడాలి. నేరం రుజువు కాలేదు. విచారణ మొదలు కాలేదు. అయినా ఒక అధికారి సంతకంతో మొదలైన నిర్బంధం ఏడాదిదాకా సాగవచ్చు. చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్లలో అలా రోజులు లెక్కపెట్టుకున్నవాళ్లు ఎందరో.

మనం పీడీ యాక్ట్ (ముందస్తు నిర్బంధ చట్టం) అని పిలుస్తున్నది 1986 నాటి ఒకటో నంబరు చట్టం. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో వచ్చింది, విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. అప్పట్లో అది ఆరు రకాల వాళ్లను ఉద్దేశించింది: దొంగసారా వ్యాపారులు, బందిపోట్లు, మాదకద్రవ్యాల నేరస్థులు, గూండాలు, వ్యభిచార వ్యాపారం నడిపేవాళ్లు, భూకబ్జాదారులు. తెలంగాణలో ఆ జాబితా పెరుగుతూ పోయింది. నకిలీ విత్తనాలు, పురుగుమందులు, ఎరువులు, కల్తీ ఆహారం, దొంగపత్రాలు, అడవి నేరాలు, జూదం, లైంగిక నేరాలు, ఆయుధాలు, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు అన్నీ వచ్చి చేరాయి. ఇప్పుడు ఆ చట్టం పేరు ఒక్కటే చదవాలన్నా ఊపిరి బిగపట్టాలి.

పని జరిగే తీరు ఇది. కమిషనర్ గానీ జిల్లా కలెక్టర్ గానీ ఉత్తర్వు ఇస్తారు. పన్నెండు రోజుల్లో ప్రభుత్వం దాన్ని ఆమోదించాలి. ఐదు రోజుల్లో కారణాలు ఆ మనిషికి తెలపాలి. మూడు వారాల్లో ఫైలు అడ్వైజరీ బోర్డుకు వెళ్లాలి, నిర్బంధించిన ఏడు వారాల్లోపు బోర్డు అభిప్రాయం చెప్పాలి. బోర్డు సరేనంటే, నిర్బంధించిన రోజు నుంచి పన్నెండు నెలల దాకా ప్రభుత్వం లోపల ఉంచవచ్చు. మామూలు అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, వకీలును పెట్టుకునే హక్కు ఉంటుంది. ముందస్తు నిర్బంధానికి ఈ రెండు రక్షణలూ వర్తించవని రాజ్యాంగం 22వ అధికరణే చెబుతోంది. ఎమర్జెన్సీ చేదు అనుభవం తర్వాత, 1978లో, పార్లమెంటు 44వ సవరణతో కొంత సరిదిద్దబోయింది. బోర్డు అభిప్రాయం లేకుండా ఉంచగల గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు మీదే బోర్డు ఏర్పడాలనీ, దానికి పదవిలో ఉన్న హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షత వహించాలనీ చెప్పింది. ఆ భాగాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్‌ను కేంద్రంలో ఇన్నేళ్లుగా వచ్చిన ప్రభుత్వాల్లో ఏ ఒక్కటీ ఇవ్వలేదు. ఎమర్జెన్సీలో జైలు కూడు తిన్న నాయకులు మంత్రులైనా ఇవ్వలేదు.

ఈ చట్టం ఎలా విస్తరించిందో తెలుసుకోవడానికి మిరప విత్తనాల కేసును మించింది లేదు. నకిలీ మిరప విత్తనాలు అమ్మాడన్న ఆరోపణతో ఒక వ్యాపారిని తెలంగాణలో గూండా అని ముద్ర వేసి నిర్బంధించారు. మామూలు కేసులు పెడితే ఆలస్యమవుతుంది, అతన్ని ఆపలేం, చిన్న రైతులు దెబ్బతింటారు అన్నది ఉత్తర్వులోని వాదన. 2017లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. గూండా అనో, శాంతిభద్రతలకు ముప్పు అనో మంత్రంలా జపించినంత మాత్రాన ఒక మనిషి స్వేచ్ఛను హరించడం చెల్లదంది. ఆ తర్వాత జరిగింది చూడండి. నకిలీ విత్తనాల నేరస్థుడు అనే కొత్త రకం చట్టంలోకే వచ్చేసింది. కోర్టు గీసిన గీతను శాసనసభ అవతలికి జరిపింది.

నకిలీ విత్తనం మామూలు నేరం కాదు. నారు పోసి, నాటి, మందు కొట్టి, కాపు కోసం ఎదురుచూసిన రైతుకు విత్తనం నకిలీదన్న సంగతి పంటకాలం గడిచాక గానీ తెలియదు. అప్పటికి అప్పు తలమీదికి వచ్చి ఉంటుంది. అయితే ఆ నేరానికి ఉన్న అసలు చట్టం ఏం చెబుతోంది? 1966 నాటి విత్తన చట్టం ప్రకారం మొదటి తప్పుకు జరిమానా ఐదు వందల రూపాయలకు మించదు. మళ్లీ చేస్తే గరిష్ఠంగా ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా. ఇలాంటి చట్టాన్ని అలాగే వదిలేసి, విచారణే లేకుండా ఏడాది జైల్లో పెట్టే చట్టంలో విత్తన వ్యాపారిని చేర్చారు. వ్యాపారి ఏడాది లోపల ఉన్నంత మాత్రాన రైతు చేతికి రూపాయి రాదు. రైతుకు కావలసింది పరిహారం, విత్తన నమూనాల పరీక్ష, నేరం రుజువై పడే గట్టి శిక్ష. ఈ మూడూ కష్టమైన పనులు. నిర్బంధపు ఉత్తర్వు తేలిక. తేలికైన దారి ఎదురుగా ఉంటే కష్టమైన దారి ఏ ప్రభుత్వమూ తొక్కదు, నాకు ఈ చట్టంతో ఉన్న ప్రధానమైన పేచీ ఇదే.

బెయిలు విషయంలోనూ ఇదే తంతు. షేర్లలో పెట్టుబడి పేరుతో మోసం చేశాడని ఐదు కేసులున్న ఒక మనిషికి అన్నిటిలోనూ కోర్టుల నుంచి ఊరట దొరికింది. ఆ తర్వాత పీడీ యాక్ట్ పడింది. 2021 ఆగస్టులో జస్టిస్ నారిమన్ ధర్మాసనం దాన్ని కొట్టేస్తూ, బెయిలు మీద అభ్యంతరముంటే రద్దు చేయమని పైకోర్టుకు వెళ్లాలని చెప్పింది. 2022 ఆగస్టులో గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ సంగతీ అంతే. ప్రవక్తపై వ్యాఖ్యల కేసులో అరెస్టు చేసినరోజే కోర్టు విడుదల చేసింది. రెండు రోజులకే పీడీ యాక్ట్ కింద జైలుకు పంపారు. నవంబరు 9న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆయన మాటలు నాకు అసహ్యం. కానీ ఆ మాటలకు శిక్ష వేయాల్సింది సాక్ష్యం విన్న న్యాయమూర్తి. మనకు గిట్టని మనిషి విషయంలో ఈ నియమాన్ని పక్కన పెడితే, రేపు మన ఇంటి పిల్లవాడి విషయంలో దాన్ని అడిగే నోరు మనకుండదు.

1965లో రామ్‌మనోహర్ లోహియా నిర్బంధం కేసులో జస్టిస్ హిదాయతుల్లా ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలు గీసి చూపారు. పెద్ద వలయం సాధారణ శాంతిభద్రతలు. దాని లోపలిది సమాజమంతటి ప్రశాంతత. అన్నిటికన్నా చిన్నది దేశ భద్రత. ఇద్దరు తాగుబోతులు కొట్టుకుంటే మొదటి వలయం చెదురుతుంది గానీ రెండోది చెదరదు. అందుకే అలాంటివాళ్లకు మామూలు చట్టాలున్నాయి. ముందస్తు నిర్బంధం రెండో వలయానికి దెబ్బ తగిలినప్పుడు మాత్రమే. ఇంత స్పష్టంగా చెప్పి ఇన్నేళ్లయినా మన కమిషనరేట్ల ఉత్తర్వుల్లో ప్రతి దొంగతనమూ రెండో వలయంలోకి వచ్చి పడుతోంది.

అత్యున్నత న్యాయస్థానం విసిగిపోయిందని ఆ తీర్పులు చదివితే అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ 4న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ సూర్యకాంత్‌ల ధర్మాసనం, ఒక్క ఏడాదిలోనే ఈ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వులను కనీసం పదింటిని తెలంగాణ హైకోర్టు కొట్టేసిందని లెక్క చెప్పి, అసాధారణ అధికారాన్ని నిర్లక్ష్యంగా వాడుతున్నారని తప్పుపట్టింది. ఆ కేసులో ఎఫ్ఐఆర్‌కూ నిర్బంధానికీ మధ్య ఏడు నెలలు గడిచాయి. అంత ప్రమాదకరమైన మనిషే అయితే ఏడు నెలలు ఎందుకు ఆగారు? 2023 సెప్టెంబరు 4న జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా మరింత ఘాటుగా మాట్లాడారు. స్వాతంత్ర్య అమృతోత్సవాలు జరుపుకుంటున్న వేళ తెలంగాణలో కొందరు పోలీసు అధికారులు పౌరుల ప్రాథమిక హక్కులనే మరిచారనీ, ఈ పోకడ ఎంత త్వరగా ఆగితే అంత మంచిదనీ అన్నారు. ఆగలేదు. ఎనిమిది రోజులకే రాచకొండ కమిషనర్ ఇచ్చిన మరో ఉత్తర్వు 2024 మార్చి 21న సుప్రీంకోర్టులో వీగిపోయింది. శాంతిభద్రతలను కాపాడటంలో పోలీసు యంత్రాంగం అసమర్థత ముందస్తు నిర్బంధానికి సాకు కారాదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నేతృత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టం చేసింది. అడ్వైజరీ బోర్డులు రబ్బరు స్టాంపులుగా మిగలకూడదని కూడా హెచ్చరించింది.

కోర్టులు ప్రతి ఉత్తర్వునూ కొట్టేస్తున్నాయని అనుకోవద్దు. అదే ముగ్గురు న్యాయమూర్తులు 2023 ఆగస్టులో కాకినాడ జిల్లా నాటుసారా కేసులో కలెక్టర్ ఉత్తర్వును సమర్థించారు. అక్కడ పట్టుబడిన సారా తాగితే ఆరోగ్యానికి హాని అని రసాయన పరీక్ష నివేదిక ఉంది. ఊళ్లో అందరి ఆరోగ్యానికీ ముప్పు ఉన్నప్పుడు ఆధారాలతో వెళితే కోర్టు కాదనదు. కానీ ఆ తీర్పు ఒక రక్షణను తీసేసింది. ఒకేసారి ఏడాదికి ఉత్తర్వు ఇవ్వకూడదు, మూడేసి నెలలకోసారి చూసి పొడిగించాలని 2014లో అదే న్యాయస్థానం చెప్పిన మాట ఇప్పుడు లేదు. అందుకే ఆ మూడు నెలల సమీక్షను శాసనసభలే చట్టంలో రాయాలి.

నిర్బంధం చెల్లదని తేలేలోపే చాలావరకు శిక్ష పూర్తవుతుంది. 2023 మార్చిలో హైదరాబాద్ కమిషనర్ ఇచ్చిన ఉత్తర్వు సెప్టెంబరులో పోయింది. రాచకొండ ఉత్తర్వు పోవడానికి ఆరు నెలలు దాటింది. రెండింటినీ మొదట హైకోర్టు సమర్థించింది. మిరప విత్తనాల కేసులో, 2021 ఆగస్టు, 2023 సెప్టెంబరు కేసుల్లో సుప్రీంకోర్టు మెట్లెక్కింది లోపలున్నవాళ్ల భార్యలు. ఢిల్లీ దాకా వకీలును పెట్టుకోగలిగారు కాబట్టి ఆ పేర్లు తీర్పుల్లో ఉన్నాయి. పెట్టుకోలేని ఇంటి మనిషి ఏడాదీ పూర్తి చేసి వస్తాడు, అతని ఉత్తర్వు సరైనదో కాదో ఎవరూ చూడరు.

ఇంతా చేసి వీధులకు భద్రత పెరుగుతుందా అంటే, నా ఉద్దేశంలో తగ్గుతుంది. నిర్బంధపు ఫైలు కోసం పాత ఎఫ్ఐఆర్‌లు, రిమాండ్ రిపోర్టులు, బెయిలు ఉత్తర్వులు పోగుచేసే శ్రమను ఛార్జిషీటు మీద పెట్టవచ్చు. సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచడం, గుర్తింపు పరేడ్ సకాలంలో జరిపించడం, దొంగ బంగారం కొన్న వ్యాపారిని కూడా నిందితుణ్ని చేయడం, గొలుసు పోగొట్టుకున్న మహిళ కోర్టుకు వచ్చి ధైర్యంగా సాక్ష్యం చెప్పేలా చూడటం, శిక్ష పడేది వీటితో. నిందితుడు ఎలాగూ లోపలే ఉన్నాడనుకుంటే ఈ పనుల మీద పట్టు సడలుతుంది. ఏడాది తిరిగాక అతను బయటకు వస్తాడు, రుజువైన నేరం ఒక్కటీ ఉండదు, సాక్షులు ఇల్లు మారి ఉంటారు. మళ్లీ మళ్లీ అదే పని చేసేవాళ్ల కోసం బైండోవర్ ఉంది, రౌడీషీట్ ఉంది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 483వ సెక్షన్ కింద బెయిలు రద్దు కోరే వీలుంది. ఆ పిటిషన్ వేయకుండా నేరుగా పీడీ యాక్ట్‌కు వెళ్లే అధికారిని, ఎందుకు వేయలేదని ప్రభుత్వం ఆమోదముద్ర వేసేముందే అడగాలి.

ఏటా బడ్జెట్ సమావేశాల్లో రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ నాలుగు అంకెలు సభ ముందుంచాలి. ఎన్ని ఉత్తర్వులిచ్చారు, బోర్డు ఎన్నింటిని కాదంది, కోర్టులు ఎన్నింటిని కొట్టేశాయి, ఆ మనుషుల మీదున్న అసలు కేసుల్లో ఎన్నింటిలో శిక్ష పడింది. నాలుగో అంకె ఒక్కటి వెల్లడైనా ఈ చట్టం మన వీధులకు చేస్తున్న మేలెంతో తేలిపోతుంది. నిర్బంధాన్ని సవాలు చేసే హెబియస్ కార్పస్ పిటిషన్లను నెలలోగా తేల్చే పద్ధతి హైకోర్టులు పెట్టుకోవాలి. అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం ఇప్పించవచ్చని సుప్రీంకోర్టు 1983లోనే చేసి చూపింది. పీడీ యాక్ట్ ఉత్తర్వును కొట్టేసే ప్రతి తీర్పులో ఆ మనిషి పోగొట్టుకున్న నెలలకు పరిహారం ఎంతో, సంతకం చేసిన అధికారి సంజాయిషీ ఎప్పటిలోగా ఇవ్వాలో కూడా హైకోర్టు రాయడం మొదలుపెట్టాలి.