పాసుపుస్తకం పోయింది, యాప్ వచ్చింది

మన పేటల్లో మళ్లీ ఒక మాట తిరుగుతోంది. ఫోన్లో యాప్ వేసుకుంటే చాలట, వెయ్యి పెడితే నెల తిరక్కుండా రెండు వేలట! చెప్పేదెవరు? పరాయివాడు కాదు. మేనత్త కొడుకో, డ్వాక్రా లీడరో, చదువుకున్న కుర్రాడో. కిటుకంతా అక్కడే ఉంది.

ఇది పాత కిటుకే. 1995లో విజయవాడలో పుట్టిన అగ్రిగోల్డ్, సెబీ అనుమతి లేకుండానే 32 లక్షల మంది దగ్గర 6,380 కోట్లు పోగేసింది. స్థలమిస్తాం, లేదంటే వడ్డీతో డబ్బిస్తాం అన్నారు. గడప గడపకీ తిరిగి వసూలు చేసింది మాత్రం ఊళ్లలోని కమీషన్ ఏజెంట్లే. 2016 ఫిబ్రవరిలో ఛైర్మన్‌ని సీఐడీ అరెస్టు చేసింది. జనం చేతికి దొరికింది ఏజెంటు చొక్కా! 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవాళ్లకి రాష్ట్ర ఖజానా నుంచి ఇచ్చారు. కంపెనీ మింగినదాన్ని జనం డబ్బుతోనే తీర్చారన్నమాట.

"ఆశపోతు జనం" అని తీర్పు చెప్పే పెద్దమనుషుల్ని మేం ఒకటడుగుతాం. కువైట్‌లో ఇళ్లు ఊడ్చి పంపిన డబ్బు, కోతల కూలి, మన ఆడవాళ్లు ఎక్కడ దాచుకోవాలి? ఫారం నింపమంటే కసురుకునే బ్యాంకు బల్ల దగ్గరా? పేటలోకి వచ్చి "అక్కా" అని పిలిచినవాడి చేతిలో పెట్టారు. అందులో ఆశ ఎంతో, మర్యాద కోసం మొహం వాచిపోవడం ఎంతో లెక్క తేల్చండి.

ఇప్పటి యాప్ వాడు మొదట అయిదొందలు పెడితే ఆరొందలు నిజంగానే ఇస్తాడు. అది గాలానికి గుచ్చిన ఎర్ర. తర్వాత కనపడే లాభం ఫోన్ తెర మీది అంకె. తీసుకుందామంటే "ముందు టాక్స్ కట్టు" అంటాడు. పైసా కట్టొద్దు. డబ్బు వెయ్యమన్న ఖాతా రోజుకో పేరు మీద ఉన్నా, మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ అన్నా అక్కడే ఆగండి. రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తాడు. కంపెనీ రిజిస్ట్రేషన్ వేరు, జనం డబ్బు తీసుకునే అనుమతి వేరు. అగ్రిగోల్డూ రిజిస్టరయిన కంపెనీయే కదా! చదువుకున్న తమ్ముళ్లు సెబీ వెబ్‌సైట్లో, రిజర్వు బ్యాంకు 'సచేత్'లో పేరు వెతికి పేటకి చెప్పాలి. కమీషన్‌కి తిరిగే తమ్ముళ్లకీ ఒక మాట: 2019 కేంద్ర చట్టం ప్రకారం అనుమతి లేని డిపాజిట్ పథకానికి ప్రచారం చెయ్యడమూ నేరమే.

పోయాక సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. డబ్బు ఇంకా చేతులు మారకుండా ఉంటే ఆపే వీలుంది. మెసేజీలు, డబ్బు పంపిన నంబర్లు చెరపొద్దు. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఒక్కళ్లే తిరిగి రావద్దు, సంఘం పదిమందిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లండి, రసీదు చేతికొచ్చేదాకా కదలొద్దు.