పదకొండు నెలల కాగితం

కరోల్‌బాగ్ ప్రాంతపు వెనుక వీధిలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగువారికి అన్నం పెట్టిన ఒక చిన్న హోటలు 2024లో మూతపడింది. దాని స్థానంలో జపాను వంటకాల భోజనశాల వెలసింది. ప్రభుత్వాలే మారిపోయే ఈ రాజధానిలో ఒక హోటలు మారడం కూడా వార్తేనా అని పాఠకులు అడుగవచ్చును. వార్త కాకపోవచ్చును. కాని వీధిలో జరిగే ప్రతి చిన్న మార్పు వెనుకా ఒక చట్టమో, చట్టం లేని లోటో ఉంటుందన్నది పార్లమెంటు విలేఖరిగా నేను నేర్చిన పాఠం.

నేను ఢిల్లీ చేరింది 1996లో. ఆనాటి నుండీ ఆ హోటలే నాకు రెండవ ఇల్లు. ఎనిమిది బల్లలు, గోడమీద ఏడుకొండలవాడి పటం, గల్లాపెట్టె ప్రక్కన ఆలస్యంగా అందే తెలుగు దినపత్రిక. అక్కడ గోంగూర పచ్చడితో అన్నం కలుపుకొనేవారిలో సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే విద్యార్థులు, పెద్దాసుపత్రికి రోగులను తీసుకొని వచ్చిన పల్లెవాసులు, పార్లమెంటు సభ్యుల వెంట వచ్చిన అనుచరులు అందరూ ఉండేవారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రాత్రి, వార్త పంపి పొద్దుపోయిన తరువాత అక్కడికి వెళ్ళాను. మూయవలసిన వేళ దాటినా నాకోసం చారు మళ్ళీ వేడిచేశారు. అటువంటి ఉపకారాలు లెక్కల పుస్తకాలకు ఎక్కవు.

యజమాని నెల్లూరు జిల్లావారు, నాకంటె ఇరవై ఏండ్లు పెద్ద. మూసివేతకు ముందు ఒక సాయంత్రం ఆయనను అడిగాను. "ఏమిటి పెద్దాయనా, ముప్పైమూడేండ్లుగా నడుస్తున్న హోటలును ఒక్క నెలలో ఖాళీ చేయడమా?"

ఆయన నవ్వి అన్నారు: "ముప్పైమూడేండ్లు ఎక్కడివి బాబూ? పదకొండేసి నెలలు, ముప్పైఆరుసార్లు. అంతే."

ఆ మాటలో ఢిల్లీ అద్దెల చరిత్ర అంతా ఇమిడి ఉన్నది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఒక సంవత్సరానికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించవలెను. ఆ బాధ్యత నుండి తప్పించుకొనడానికి పుట్టిందే పదకొండు నెలల కాగితం. ముప్పైఆరవ కాగితం గడువు తీరింది. ముప్పైఏడవ దానిపై సంతకం చేయడానికి భవనపు యజమాని ఇష్టపడలేదు. ఆయన చట్టాన్ని ఉల్లంఘించలేదు. అంతకు ఎన్నోరెట్లు అద్దె ఇచ్చేవారు దొరికినప్పుడు కాదనమని ఆయనను నిర్బంధించడం న్యాయమూ కాదు.

చిక్కంతా మరొకచోట ఉన్నది. 1958 నాటి ఢిల్లీ అద్దె నియంత్రణ చట్టం అద్దెదారును గట్టిగా కాపాడింది. ఎంత గట్టిగా అంటే, నగరపు నడిబొడ్డున కోట్లు విలువచేసే దుకాణాలకు తాతల నాటి అద్దెలే నిలిచిపోయాయి. 1988లో సవరణ వచ్చి, నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలను ఆ చట్టం పరిధి నుండి తొలగించింది. దాని ఫలితంగా ఒకే వీధిలో రెండు న్యాయాలు ఏర్పడినవి. పాత అద్దెదారును కదల్చడం కష్టం. క్రొత్త అద్దెదారుకు నిలువ నీడ లేదు. మా హోటలు 1991లో మొదలైంది గనుక రెండవ కోవలో పడింది.

ఈ అసమానతను సరిదిద్దడానికి పార్లమెంటు ప్రయత్నించకపోలేదు. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న 1995లో ఉభయసభలూ ఢిల్లీ అద్దె చట్టాన్ని ఆమోదించాయి. రాష్ట్రపతి ఆమోదముద్రా పడింది. అయితే అమలు తేదీని ప్రకటించే అధికారం కేంద్రప్రభుత్వానిది. అద్దెలు పెరుగుతాయన్న భయంతో పాత అద్దెదారులైన వర్తకులు ఆందోళనకు దిగారు. ఆ తేదీని ఏ ప్రభుత్వమూ ప్రకటించలేదు. అమలు చేయవలసిందని ఆదేశించడానికి 2003లో సుప్రీంకోర్టు నిరాకరించింది. 2013లో, ఒక్కరోజైనా అమలుకాని ఆ చట్టాన్ని రద్దుచేయడానికి రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టారు! ఉభయసభలు చేసిన శాసనాన్ని ఒక ప్రకటన జారీ చేయకుండానే అటకెక్కించవచ్చునంటే, ప్రెస్ గ్యాలరీలో కూర్చుని మేము వ్రాసుకొనే చర్చలకు విలువ ఏపాటిది?

2021లో కేంద్రమంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. వ్రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేయడం, వాణిజ్య భవనాలకు బయానా ఆరునెలల అద్దెకు మించరాదనడం మెచ్చదగినవి. గడువు తీరినా ఖాళీ చేయని అద్దెదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగింతలు చెల్లించవలెనని కూడా అందులో ఉన్నది. ముప్పైమూడేండ్లు ఒకేచోట పొయ్యి వెలిగించినవాడికి మాత్రం అది అదనంగా ఒరగబెట్టేది కనిపించదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పవలెను. మా హోటలు స్థానంలోకి ఏ దేశపు వంట వచ్చిందో, ఆ దేశంలోనే ఈ సమస్యకు ఒక జవాబు ఉన్నది. సాధారణ అద్దె ఒప్పందాన్ని పునరుద్ధరించడానికి నిరాకరించే భవన యజమాని తగిన కారణం చూపవలెనని జపాను శాసనం 1941 నుండి చెబుతున్నది. స్థిర గడువు ఒప్పందాలకు 2000 సంవత్సరం నుండి మినహాయింపు ఉన్నా, ఆ సూత్రం చెరగలేదు. ఇంగ్లండులో 1954 నాటి చట్టం వర్తకుడికి పునరుద్ధరణ హక్కును, కొన్ని సందర్భాలలో పరిహారాన్ని కల్పించింది. జపాను వంటను మనం తెచ్చుకొన్నాము. అక్కడి శాసనంలోని ఇంగితాన్ని మాత్రం అక్కడే వదలి వచ్చాము.

పరాయి వంటలపై నాకు ద్వేషం లేదు. కరోల్‌బాగ్‌లో ఇడ్లీ కూడా ఒకనాడు పరాయిదే. క్రొత్త భోజనశాలలోనూ ఒకసారి తిన్నాను, రుచి బాగున్నది. నేను కోరేది అద్దెను స్తంభింపజేయమని కాదు. అద్దె బజారును అనుసరించి పెరగనీయండి. అందుకు ప్రతిగా, పదేండ్లు దాటి నడిచిన చిన్న వ్యాపారానికి కనీసం ఆరునెలల నోటీసు, నిరాకరణకు వ్రాతపూర్వక కారణం, ఖాళీ చేయించినప్పుడు కొంత పరిహారం ఇప్పించండి. ఆ పరిహారంలో పనివారికీ వాటా ఉండవలెను. మా హోటలులో తొమ్మిదిమంది పనిచేసేవారు. వారిలో ఇద్దరు మాత్రమే ఆ వీధిలో మళ్ళీ పని సంపాదించుకొన్నారు.

పెద్దాయన ఇప్పుడు స్వగ్రామంలో ఉన్నారు. సమావేశాలు దగ్గరపడితే జనం పెరుగుతారని, బియ్యం బస్తాలు ముందుగా తెప్పించడానికి సభ ఎప్పుడు మొదలవుతుందో నన్ను అడుగుతూ ఉండేవారు. మొన్న ఫోను చేసి, క్షేమసమాచారాలైన తరువాత, అలవాటు చొప్పున అడిగారు: "పార్లమెంటు ఎప్పటినుంచి బాబూ?"

తేదీ చెప్పాను. ఆయన వ్రాసుకొన్నట్లే తోచింది.