సమన్వయ విద్యయు, మన సీమ నీరును

2020వ సంవత్సరమున భారత ప్రభుత్వమువారు ప్రకటించిన జాతీయ విద్యావిధానము శాస్త్రములకును కళలకును నడుమనున్న గోడను కూల్చవలెనని చెప్పుచున్నది. సంకల్పము మంచిదే. తెలంగాణమున 2016వ సంవత్సరమునుండియే డిగ్రీ విద్యార్థి తనకు నచ్చిన విషయముల నేరుకొను పద్ధతి యమలులోనికి వచ్చినది. అయినను తుంగతుర్తివంటి పట్టులనుండి వచ్చు బాలుడు కళాశాల గడప త్రొక్కినపుడు వాడు నిజముగా నేరుకొనగలిగినది పట్టికలోని విషయములను గాదు; అక్కడనున్న యుపాధ్యాయులు బోధింపగల విషయములనే. బోధించువాడు లేని విషయమును కోరుకొను స్వేచ్ఛ యెట్టి స్వేచ్ఛయో మాకు బోధపడకున్నది.

సమన్వయమనగా నాలుగు శాస్త్రముల నొక సంచిలో వేసి మూతి కుట్టుట కాదు. ఒక్క సమస్యను చేపట్టినచో శాస్త్రములు తామై దాని వెంట రావలయును. ఉదాహరణమునకై సీమ దాటి పోనక్కరలేదు. నల్లగొండ సీమ నీటిలోని ఫ్లోరైడు ఎందరి యెముకలను వంచినదో పాఠకులెరుగుదురు. అది రాతినుండి నీటిలోనికి దిగుట భూగర్భశాస్త్రము. పటికయు సున్నమును కలిపి దానిని తొలగించుట రసాయనశాస్త్రము. పండ్లకును ఎముకలకును పట్టు రోగము వైద్యము. నదీజలము ఏ యూరికి ముందు, ఏ యూరికి వెనుక రావలెనన్నది రాజనీతి. నాగపురమందలి పరిశోధనాలయమువారు రూపొందించిన యా పటిక-సున్నపు పద్ధతికి లోకమంతటను ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. ఆఫ్రికాలోని టాంజానియావారు సైతము దానిని వాడిచూచిరి. ఆ పేరు మోయుచున్న సీమ పట్టభద్రులలో దానిని పాఠముగా చదివినవారెందరు? మిర్యాలగూడ బియ్యపు మిల్లులు, సాగరు ఎడమకాలువ, కోదాడ ప్రాంతపు సున్నపురాయి, సిమెంటు కర్మాగారములు, ఇవియు నట్టి పాఠములే.

2008లో స్థాపితమైన బాసర విద్యాలయము పదవ తరగతి ముగించిన పల్లె బాలబాలికలను చేర్చుకొని యారేండ్లు ఒకే వరుసను చదివించుచున్నది. మేలైన పనియే, కాని యందు చోటు దొరకునది కొందరికే. తక్కినవారిలో పెక్కుమందికి 2007లో నల్లగొండలో నెలకొన్న మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయపు అనుబంధ కళాశాలలే దిక్కు.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ప్రారంభమైనది. దానికి ముందే, 1917లో, అనువాదశాలను స్థాపించి ఉర్దూలో శాస్త్రగ్రంథములను సిద్ధపరుప బూనిరి. తెలుగుబిడ్డ నెత్తిన పరభాషను రుద్దిరన్న మాట నిజమే, దానిని మేము మరువము. అయినను పుస్తకము ముందు, బోధన వెనుక యన్న యా క్రమము మెచ్చదగినది. నేడు ఉత్తరువు ముందు వచ్చుచున్నది, పుస్తకము కడపట వచ్చుచున్నది.

మొదట ఖాళీలు పూరింపవలెను. పిమ్మట రసాయన, అర్థశాస్త్ర, తెలుగు ఉపాధ్యాయులు ముగ్గురును కూడి ‘నీరు’ అను నొక్క పాఠ్యభాగమును ఏడాదిపాటు బోధింపవచ్చును. విద్యార్థి వేసవిలో తన యూరి బావుల నీటిని పరీక్షించి, ఫలితమును తెలుగున వ్రాసి పంచాయతికి సమర్పించినచో దానికే మార్కులీయవలెను. అట్టి పరీక్షకు తన బావినీటి నిచ్చుటకు తుంగతుర్తి కామందు లెవ్వరును వెనుదీయరని మా నమ్మకము.